వరి మడిలో మీథేన్ చాంబర్: మొదటి పది నిమిషాల్లోనే రీడింగ్ ఎగబాకుతోంది, ఎందుకు?

ప్రశ్న:
మూసిన చాంబర్‌తో (మొక్కల మీద బోర్లించే, గాలి చొరబడని పెట్టె) వరి మడిలో మీథేన్ కొలుస్తున్నాం. చాంబర్ ఎత్తు 60 సెం.మీ., మడిలో నీరు 5 సెం.మీ. 0, 10, 20, 30 నిమిషాలకు సిరంజితో తీసిన శాంపిళ్లలో వరసగా 3.1, 9.8, 10.4, 11.2 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు) వచ్చాయి. ఆర్-స్క్వేర్ (పాయింట్లు సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా రేఖ మీదే) 0.74 దాటడం లేదు. చాంబర్ నిండిపోయి ఉద్గారం తగ్గుతోందా? సమయం 15 నిమిషాలకు కుదించాలా?

జవాబు 1:
నిండిపోవడం కాదండీ. బురదలో చిక్కుకున్న బుడగల్లో మీథేన్ శాతాల లెక్కన ఉంటుంది, పైన 11 పీపీఎం చేరితే దానికి ఏ అడ్డూ ఉండదు. మీ మొదటి అంకె చూడండి. బయటి గాలిలో ఉండేదే సుమారు 1.9. సున్నా నిమిషానికే 3.1 అంటే చాంబర్ పెట్టేటప్పుడే బురద కదిలింది. మిగతా బుడగలు తర్వాతి పది నిమిషాల్లో తేలాయి. నాలుగు పాయింట్లకూ గీత గీస్తే వాలు నిమిషానికి 0.249 పీపీఎం, చివరి మూడింటికే గీస్తే 0.07. మూడున్నర రెట్ల తేడా!

బేస్ (చాంబర్ కూర్చునే, బురదలోకి దింపే చట్రం) కనీసం ఒక రోజు ముందే దింపి వదిలేయండి. మడిలో దిగకుండా చెక్క పలకల మీద నుంచే పని చేయండి, పలకల కాళ్లు బేస్‌కు దూరంగా ఉండాలి. చాంబర్ కూర్చోబెట్టేటప్పుడు పైన రబ్బరు బిరడా తీసి ఉంచి, బేస్ గాడిలోని నీళ్లలో అంచు మునిగాకే బిగించండి. లేకపోతే లోపలి గాలి ఒత్తిడి బుడగల్ని కదిలిస్తుంది. లోపల చిన్న బ్యాటరీ ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ మొదటి పాయింటు కొట్టేసి చివరి మూడింటితో రిపోర్టు రాసేయకండి. వాటంతట అవే లేచే బుడగలూ ఉద్గారమే. పలకల మీద నుంచి మళ్లీ కొలిచినా మధ్యలో ఎక్కడో గెంతు వస్తే అది సహజం. ఉంచుకుని, మడికి చాంబర్ల సంఖ్య పెంచండి. ఎప్పుడూ మొదట్లోనే వస్తే తప్పు మన చేతిదే.

ఇంకొకటి: లెక్కలో ఎత్తు 60 కాదు, నీటి పైనుంచి 55 సెం.మీ. 60 వేస్తే ఫలితం 9 శాతం పెరుగుతుంది. 0.07 వాలుకి, లోపలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలైతే: 0.07 × 60 × 0.55 × (16/22.4) × (273/303) (ఇక్కడ 60 గంటలోని నిమిషాలు, 0.55 మీటర్లలో ఎత్తు, 16/22.4 వాయువు ఘనపరిమాణాన్ని బరువుగా మార్చడానికి, 273/303 ఉష్ణోగ్రత సవరణ), అంటే చదరపు మీటరుకు గంటకు సుమారు 1.5 మి.గ్రా. ఉష్ణోగ్రత చాంబర్ లోపలిదే తీసుకోండి, బయటిది కాదు. వరి కుదుళ్లు లోపలే ఉండాలి, మీథేన్‌లో ఎక్కువ భాగం మొక్కల్లోని గాలి గొట్టాల గుండానే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మడిలో దిగే పెట్టాం, అదే అయ్యుంటుంది. అవే శాంపిళ్లలో నైట్రస్ ఆక్సైడ్ కూడా చూడొచ్చా?

జవాబు 2:
చూడొచ్చు, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు ఈసీడీ (ఎలక్ట్రాన్ క్యాప్చర్) డిటెక్టర్ ఉంటే. గాలిలోనే 0.33 పీపీఎం పైచిలుకు ఉంటుంది కాబట్టి చిన్న లీకు కూడా లెక్క చెడగొడుతుంది. ముందే గాలి తీసేసిన 12 మి.లీ. వయల్‌లో (మూత బిగించిన చిన్న గాజు సీసా) 20 మి.లీ. శాంపిల్ ఎక్కించండి, సూది గుచ్చినప్పుడు ఒత్తిడి తగ్గినట్టుంటే ఆ వయల్ పక్కన పెట్టేయాలి. వారానికోసారి కొలత మీథేన్‌కు సరిపోవచ్చు గానీ దీనికి చాలదు: యూరియా వేశాక, నీరు తీసేశాక వచ్చే నైట్రస్ ఆక్సైడ్ ఉబుకు కొన్ని రోజుల్లోనే అయిపోతుంది, అప్పుడు రోజూ తీయాలి.