ఐదారేళ్ల పిల్లలకు టెన్నిస్: బంతి అందేలా ఆడించే ఆటలు చెప్పండి

ప్రశ్న (నల్గొండ):
మా కాలనీలో సాయంత్రాలు కొంతమంది పిల్లలకు టెన్నిస్ నేర్పిస్తున్నాను. సిమెంటు నేల కావడంతో బంతి వాళ్ల నెత్తి మీదుగా ఎగిరిపోతోంది. రాకెట్ ఊపేసరికి అది గోడ దగ్గర ఉంటుంది. పావుగంటకే విసుగొచ్చి నీళ్ల బాటిళ్ల దగ్గర చేరుతున్నారు. కన్ను, చెయ్యి కుదిరే ఆటలేమైనా ఉన్నాయా?

జవాబు (మహబూబ్‌నగర్, పీఈటీ):
అన్నా, ముందు ఆ పసుపు బంతిని సంచిలో పడేయండి. ఈ వయసుకు ఎర్ర బంతి వేరే ఉంది, మామూలు దానికంటే 75 శాతం నెమ్మది. పదేళ్లలోపు పోటీల్లో మామూలు బంతి వాడొద్దని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి రూలే పెట్టింది. కోర్టు కూడా 78 అడుగులు దేనికి? చాక్‌పీసుతో 36 అడుగులు గీసి, రెండు కుర్చీలకు తాడు కట్టండి.

నేనైతే మొదట్లో రాకెట్ చేతికివ్వను. మన దగ్గర ఆడపిల్లలు కచ్చకాయలాడతారు కదా, ఒకటి ఎగరేసి, కిందవి ఏరుకుని, పడేలోపు పట్టడం. బంతితోనూ అదే చేయిస్తా. ఎగరేసి ఒక చప్పట్టు కొట్టి పట్టాలి, తర్వాత రెండు, తర్వాత చుట్టూ తిరిగి.

అసలు మజా ఇంకో ఆటలో ఉంది. నేను భుజమెత్తు నుంచి బంతి వదులుతా. రెండడుగుల దూరంలో నిలబడ్డ పిల్లాడు అది రెండోసారి నేలకు తగిలేలోపు పట్టుకోవాలి. పట్టిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి. చిన్నపిల్లలు నిలబడ్డచోటే చేతులు చాపుతారు, కాళ్లు కదపరు. ఇందులో కదపక తప్పదు, మనం అరవాల్సిన పనిలేదు.

'అవుట్' మాత్రం పెట్టకండి. బంతి అందని పిల్లాడే ముందు పోయి కూర్చుంటాడు, ఆట ఎక్కువ కావాల్సింది వాడికే.

జవాబు (మిర్యాలగూడ, ఓ అమ్మ):
సార్, మాకు ఎర్ర బంతులు దొరకలేదు. మా పాప బెలూన్‌తో ఆడుతోంది, పర్వాలేదా?

పీఈటీ:
చాలా మంచిదమ్మా, కానీ హాల్లోనే. బయట గాలికి అది పక్కింటి డాబా ఎక్కుతుంది. ఆరుబయటైతే స్పాంజి బంతి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
రాకెట్ ఎప్పుడివ్వాలి, ఎంత సైజు?

పీఈటీ:
పట్టడం వచ్చాక ఇవ్వండి. ఇచ్చాక కూడా కొన్నాళ్లు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, బంతిని నేల మీదే దొర్లించుకోమనండి. 19 నుంచి 21 అంగుళాలు సరిపోతుంది. చెయ్యి కిందికి వదిలితే రాకెట్ కొస నేలను గీరకూడదు. అన్న రాకెట్ తమ్ముడికిచ్చి పంపే తల్లిదండ్రులకు మాత్రం మీరే నచ్చజెప్పుకోవాలి.