జులైలో 200 కిలోమీటర్ల సైకిల్ రైడు (బీఆర్ఎమ్) ఉంది, మే ఎండలో మధ్యాహ్నం తొక్కి అలవాటు చేసుకోవాలా?

కూకట్‌పల్లి_పెడల్:

అందరికీ నమస్తే. జనవరిలో సెకండ్ హ్యాండ్‌లో ఒక హైబ్రిడ్ సైకిల్ కొన్నాను, 14 వేలు పడింది. ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు, 700 బై 35 టైర్లు. మొదట్లో కాలనీ చుట్టూ తిరిగేవాణ్ణి, ఇప్పుడు ఆదివారం ఆదివారం గండిపేట దాకా వెళ్ళి వస్తున్నాను, రానూపోనూ నలభై ఐదు కిలోమీటర్ల దాకా అవుతోంది. ఆఫీసులో ఒకతను ఎక్కించాడు, జులైలో 200 కిలోమీటర్ల బీఆర్ఎమ్ చేద్దాం రా అని. పదమూడున్నర గంటలు టైమ్ ఇస్తారట, రేసు కాదట, ర్యాంకులు ఉండవట. సరే అన్నాను, ఇంట్లో కూడా చెప్పేశాను, ఇప్పుడు వెనక్కి తగ్గితే మా ఆవిడ నవ్వుతుంది.

సమస్య ఏమిటంటే పొద్దున ఆరుకి స్టార్ట్ అయితే సాయంత్రం ఏడున్నర దాకా టైమ్, అంటే మధ్యాహ్నం మొత్తం రోడ్డు మీదే ఉండాలి. నేనేమో ఎనిమిది దాటితే ఇంట్లో ఫ్యాన్ కింద ఉంటాను. మా ఫ్రెండ్ ఏమంటాడంటే ఇప్పట్నుంచే పన్నెండుకీ ఒంటిగంటకీ తొక్కు, ఒళ్ళు దానంతటదే అలవాటు పడుతుంది అని. పోయిన శనివారం పదకొండుకి బయల్దేరి ట్రై చేశాను, నానక్‌రామ్‌గూడ చేరేసరికి రెండు బాటిళ్ళూ అయిపోయాయి, తల పగిలిపోయింది, వెనక్కి ఆటో ట్రాలీలో వచ్చాను. ఆ నాలుగు వందలు ఇంకా గుర్తొస్తున్నాయి.

ఇంకో ప్రశ్న, ఈ హైబ్రిడ్‌తో అవుతుందా లేక అప్పు చేసైనా రోడ్ బైక్ కొనాలా? ఎండకి ట్యూబు పేలుతుంది, గాలి తక్కువ కొట్టించుకో అని మా గల్లీ పంక్చర్ షాపు చాచా అంటున్నాడు, అది నిజమేనా?

పాత_అట్లాస్:

తమ్ముడూ, మీ ఫ్రెండ్ చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, మిగతా సగం మిమ్మల్ని ఆస్పత్రికి పంపే సలహా. ఆటో ట్రాలీకి నాలుగు వందలే అయ్యాయంటే చవకగా బయటపడ్డారు.

నా సంగతి చెప్తాను. కొన్నేళ్ళ కింద మే నెలలో నలుగురం అనంతగిరి వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగుకి బయల్దేరాం కాబట్టి పోయేటప్పుడు హాయిగానే ఉంది, ఘాట్ ఎక్కాం, గుడి దగ్గర ఫోటోలు దిగాం, కింద వికారాబాద్‌లో ఇడ్లీ తిని కబుర్లలో పడ్డాం. అక్కడే తప్పు చేశాం. వెనక్కి తిరిగేసరికి పది. మన్నెగూడ దాటాక నాకు బ్రేకు మీద ఉన్న చేతి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం కనిపించింది. రోడ్డు మీద తారు మెత్తబడి టైరు కింద చిటచిట మంటోంది, నాకు మాత్రం చలి! అంతకుముందు దాకా కారుతున్న చెమట కూడా తగ్గింది. ముందు వెళ్ళేవాణ్ణి పిలుద్దామనుకుంటే పేరు నోటికి రాలేదు, పదేళ్ళ స్నేహితుడు. వెనక వస్తున్నవాడు చూసి దింపి మర్రిచెట్టు కింద పడుకోబెట్టి, పక్క పొలంలో బోరు నడుస్తుంటే బకెట్లతో నీళ్ళు తెచ్చి తల మీద, మెడ మీద, చంకల్లో పోశారు. అరగంట పట్టింది మనిషిని కావడానికి. చేవెళ్ళ రోడ్డు వెడల్పు చేయడానికి ఆ మర్రిచెట్లు కొట్టేస్తామన్న ప్రతిసారీ నాకు కడుపు మండేది అందుకే.

కాబట్టి ఎండలో చలి పుట్టినా, తల తిరిగినా, మాట తడబడినా అదే ఆఖరి పెడల్. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఇంకేం ఆలోచించకుండా నీడలోకి లాగి నీళ్ళు పోసి 108 కి ఫోన్ చేయండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, మన తల రోలు కంటే గట్టిదేం కాదు.

నా సలహా, మే అంతా నాలుగున్నరకి బయల్దేరి ఏడున్నరకల్లా ఇంట్లో ఉండండి. మధ్యాహ్నం ప్రాక్టీసు వద్దే వద్దు.

చెమట_చుక్క:

అన్నతో తొంభై శాతం ఒప్పుకుంటాను, కానీ 'వద్దే వద్దు' అంటే మాత్రం కాదు. ఒళ్ళు అలవాటు పడటం అనేది నిజంగానే ఉంది. రోజూ కాస్త వేడిలో పని చేస్తే పది పద్నాలుగు రోజుల్లో ఒంట్లో మార్పు వస్తుంది, చెమట తొందరగా పడుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే స్పీడుకి గుండె ముందంత కొట్టుకోదు. ఆపేస్తే మళ్ళీ రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది కూడా. కానీ దానికి పన్నెండింటికి బయల్దేరక్కర్లేదు. మామూలుగా ఐదుకి వెళ్ళండి, ఇంటికి వచ్చేది ఏడున్నర బదులు ఎనిమిదింపావు చేయండి, ఆ ఆఖరి ముప్పావుగంట పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా. వేడిలో స్పీడు చూసుకోవద్దు, చూస్తే ఏడుపొస్తుంది.

నీళ్ళ విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. గంటకి అరలీటరు నుంచి ముప్పావు లీటరు పడుతుంది, అది కూడా దాహం అయ్యాక గటగటా కాదు, పది పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, దాన్ని ముప్పావు లీటర్ బాటిల్లో మొత్తం కుమ్మరించి కడుపు ఉబ్బిందని వచ్చేవాళ్ళని చూశాను. నేనైతే ఒక బాటిల్లో ఓఆర్ఎస్, ఇంకోదాన్ని రాత్రి సగం నింపి పక్కకి ఒంపుగా ఫ్రీజర్‌లో పడుకోబెడతాను, పొద్దున పైన మామూలు నీళ్ళు పోస్తే చేవెళ్ళ దాకా చల్లగా వస్తుంది. నిలబెట్టి గడ్డ కట్టిస్తే మూతి దగ్గర ఐసు అడ్డం పడి ఒక్క చుక్క రాదు, అది నా అనుభవం. రోడ్డు పక్కన అంబలి బండి కనిపిస్తే మాత్రం ఆగకుండా పోవద్దు, ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ ముక్క, అంతకంటే ఏ ఎనర్జీ జెల్లూ పనికిరాదు.

గాలి_పంపు:

ట్యూబు సంగతి నేను చెప్తాను. చాచా చెప్పేది సగం నమ్మకం, సగం పాత ప్యాచుల గోల. లెక్క చూడండి, తెల్లవారి 25 డిగ్రీల్లో 70 పీఎస్ఐ కొడితే టైరు 45 డిగ్రీలకి వేడెక్కినా ప్రెషర్ 76 లోపే. దానికి మంచి ట్యూబు పేలదు. పేలేవి వేరే, పక్కలు పగిలిన టైరు, రిమ్‌లో సరిగ్గా కూర్చోనిది, వేడికి సొల్యూషన్ మెత్తబడి లేచిన పాత ప్యాచు. ఎండకి భయపడి గాలి తగ్గించారనుకోండి, గుంతలో పడగానే టైరు నొక్కుకుపోయి రిమ్ అంచు ట్యూబుని కొరుకుతుంది, విప్పి చూస్తే పక్కపక్కనే రెండు గాట్లు ఉంటాయి. మీ 35 మిల్లీమీటర్ల టైరుకి మీ బరువు ఎనభై లోపు అయితే 60, 65 కొట్టండి. టైరు పక్కన రాసి ఉన్న హద్దు మాత్రం దాటొద్దు.

మన దగ్గర అసలు శత్రువు పల్లేరు కాయ. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రోడ్డు దిగి మట్టి అంచు మీద సైకిల్ ఆపితే చాలు, రెండు మూడు గుచ్చుకుంటాయి. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల వేలితో తడమకండి, వేలు కోసుకుంటుంది, దూది ముక్కతో చుట్టూ తుడవండి, ముల్లు ఎక్కడుంటే అక్కడ దూది పీచు పట్టుకుని ఆగిపోతుంది. చాలామంది ముల్లు తీయకుండానే కొత్త ట్యూబు వేసి, రెండు కిలోమీటర్లకే మళ్ళీ రోడ్డు పక్కన కూర్చుంటారు, నేను కూడా కూర్చున్నాను. ఒకటి చూసుకోండి, మీ వాల్వు సన్నదా మోటుదా? సన్నదైతే ఊళ్ళల్లో పంక్చర్ షాపు పైపు పట్టదు, ఇరవై ముప్పై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి.

రోడ్ బైక్ వద్దు. పదమూడున్నర గంటల్లో రెండొందలంటే సగటు పదిహేను, మీ హైబ్రిడ్ సుఖంగా చేస్తుంది. ఆ డబ్బుతో ముందు ప్యాడెడ్ షార్ట్స్ కొనండి, లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఇది చెప్పడానికి అందరూ సిగ్గుపడతారు, తర్వాత ఒరుసుకుపోయి వారం రోజులు కుంటుతారు. సీటు ఎత్తు సరిచూసుకోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే కాలు నిటారుగా రావాలి. మెత్తటి జెల్ సీటు కవర్ ఉంటే ఎవరికైనా దానం చేయండి.

నీలి_హెల్మెట్:

మీరంతా మే నెల ఎండ గురించి ఇంత కొట్టుకుంటున్నారు గానీ అతని రైడు జులైలో అండీ! జులైలో మన దగ్గర ఎండ ముప్పై, ముప్పై రెండు దగ్గర ఉంటుంది, సగం రోజులు మబ్బే. అప్పుడు ఏడిపించేది పడమటి గాలి. రుతుపవనాల గాలి మొత్తం వికారాబాద్ వైపు నుంచి నగరం మీదకి వస్తుంది, పోయేటప్పుడు మొహానికి ఎదురుగా, పెడల్ తొక్కుతుంటే ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు. పోయిన వానాకాలం నేను శంకర్‌పల్లి దాటాక చదునైన రోడ్డు మీద పదహారు స్పీడుకి దిగిపోయాను, వెనక్కి వచ్చేటప్పుడు అదే రోడ్డు మీద ముప్పై రెండు.

కాబట్టి రెండొందలు పడమటికి వెళ్ళి తిరిగొచ్చే రూటు అయితే మొదటి సగం గాలి తింటుంది, కంట్రోల్ (దారిలో టైమ్ లోపల హాజరు వేయించుకోవాల్సిన చోటు) టైములు చూసుకోండి. వంద కిలోమీటర్ల దగ్గరి కంట్రోల్ ఆరు గంటల నలభై నిమిషాలకి మూసేస్తారు, ఆరుకి బయల్దేరితే పన్నెండు నలభై. గాలిలో పెద్ద గేరు వేసి కాళ్ళతో కుస్తీ పట్టకుండా చిన్న గేరులో నిమిషానికి ఎనభై తొంభై సార్లు పెడల్ తిప్పడం ఇప్పుడే అలవాటు చేసుకోండి. ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరి వెనక ఒకరు మారుతూ తొక్కండి. మడ్‌గార్డ్, వెనక లైటు, రిఫ్లెక్టివ్ జాకెట్ ఉండాలి, చీకటి పడ్డాక లైటూ జాకెట్ లేకపోతే తొక్కనివ్వరు.

ప్రాక్టీసుకి చోటు కావాలంటే ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచారు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. కప్పు ఉంది కదా అని ఎనిమిదింటికి వెళ్తే మాత్రం సూర్యుడు పక్క నుంచి కొడతాడు. ఒంటరిగా చీకట్లో బయల్దేరే ఆడవాళ్ళకి నేను చెప్పేది అదే ట్రాక్, లేదంటే కనీసం ఇంకొకరు తోడు. కుక్కలు వెంటపడితే స్పీడు పెంచొద్దు, దిగి సైకిల్ మధ్యలో పెట్టుకుని నడవండి, అవి బోరు కొట్టి వెళ్ళిపోతాయి. నాలుగున్నరకి ఖాళీ రోడ్ల మీద రాజ్యం వాటిదే.

ఒకవేళ నిజంగా రేసు మీద మనసు ఉంటే అది వేరే దారి, ఉస్మానియాలో 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన వెలోడ్రోమ్ (అంచులు ఒంపుగా లేచి ఉండే సైకిల్ రేసు ట్రాక్) ఒకసారి వెళ్ళి చూసి రండి. ఆ ఒంపు మీద నిలబడి కిందకి చూస్తేనే కడుపులో తిప్పుతుంది.

పాత_అట్లాస్:

అక్క చెప్పింది కరెక్టే, నేను జులై అన్న మాట చదవలేదు. నా కథ నేను చెప్పుకుపోయాను.

కూకట్‌పల్లి_పెడల్:

అందరికీ థాంక్స్. ఈ ఆదివారం ఐదుకి వెళ్ళి ట్రాక్ మీద కాసేపు, తర్వాత గండిపేట, ఎనిమిదింపావుకి ఇంట్లో ఉన్నాను. తలనొప్పి రాలేదు. అంబలి పదిహేను రూపాయలు, రెండు గ్లాసులు తాగాను. సీటు రెండు అంగుళాలు పైకి లేపితే మోకాలి నొప్పి సగానికి తగ్గింది, ఇన్ని నెలలు చిన్నపిల్లల సైకిల్ లాగా తొక్కుతున్నానన్నమాట. గాలి 65 కొట్టమంటే చాచా నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

పల్లేరు కాయ కూడా దొరికింది, గండిపేట పార్కు బయటే. దూది లేక రుమాలుతో తుడిచాను, పట్టుకుంది. కాకపోతే ట్యూబు మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది, వెనక చక్రం చైన్‌లోంచి ఎలా తీయాలో తెలియలేదు, చేతులు మోచేతి దాకా నల్లగా. ముందు చైన్‌ని ఏ గేరులో పెట్టి తీయాలి?

గాలి_పంపు:

వెనక అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం మీదకి దించి, అప్పుడు తీయండి. పెట్టేటప్పుడు కూడా చైన్ దాని మీదే కూర్చోబెట్టాలి. వచ్చే ఆదివారం నానక్‌రామ్‌గూడ వైపు ట్రాక్ మొదట్లో ఐదుంపావుకి ఉంటాను, రండి, ఒకసారి నా ముందు విప్పి బిగించండి. పాత బట్ట ఒకటి తెచ్చుకోండి.