దవడ సరిచేసే ఆపరేషన్: తరువాతి వారాలు ఎలా ఉంటాయి?

ప్రశ్న (ఎదురుపళ్లు)

నా కింది దవడ పై దవడకన్నా ముందుకు ఉండటం వల్ల ముందు పళ్లు ఒకదానితో ఒకటి కలవవు, దేనినైనా కొరికి తెంపడం కష్టం. ఏడాదికి పైగా క్లిప్పులు వేసుకున్నాక, రెండు దవడలకూ ఆపరేషన్ చేయాలని డాక్టర్లు నిర్ణయించారు. వారు విధానాన్ని ఓపికగానే వివరించారు గాని, ఆ తరువాత ఇంట్లో గడిచే వారాల గురించే నాకు ఎక్కువ సందేహాలు ఉన్నాయి. నొప్పి ఎంత తీవ్రంగా ఉంటుంది? నోరు నిజంగా కట్టేస్తారా? పెదవులకు స్పర్శ తిరిగి వస్తుందా? క్లిప్పులు వేసిన తరువాత నా పళ్ల పొందిక మునుపటికన్నా చెడినట్టు కనిపిస్తోంది, ఇది మామూలేనా?

జవాబు (నిదానం)

రెండు దవడలకూ ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాడిగా రాస్తున్నాను. అందరూ ముందుగా నొప్పి గురించే అడుగుతారు గాని, నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది అది కాదు. ముఖంలో చాలా భాగం తిమ్మిరెక్కి ఉండటం వల్ల డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలతోనే సరిపోయింది. ఓపికను పరీక్షించింది వాపు. అది ఆపరేషన్ అయిన వెంటనే గాక రెండు మూడు రోజులకు బాగా పెరుగుతుంది కాబట్టి, ఇంటికి చేరే సమయానికి ముఖం ఆసుపత్రిలో ఉన్నప్పటికన్నా పెద్దదిగా కనిపించవచ్చు. ఈ సంగతి ముందే తెలియనివారు ఏదో వికటించిందని కంగారు పడతారు. వాపులో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లో తగ్గినా, మిగిలిన కొద్దిపాటిది పూర్తిగా తీసి ముఖం కుదురుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది వరకు పడుతుంది. మొదటి నెలలో అద్దం చూసి ఫలితాన్ని తేల్చేయకండి.

పై దవడను కదిలించినప్పుడు ముక్కు లోపల కూడా వాచి, గట్టిగా జలుబు చేసినట్టు ఊపిరాడదు. అప్పుడప్పుడు కొద్దిగా రక్తం కారుతుంది. డాక్టరు సరేననే దాకా ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే ఆపుకోకుండా నోటితో వదలాలి. తలవైపు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే వాపుకూ ఊపిరికీ మంచిది.

మొదటి రెండు వారాల్లో మనసు బాగా కుంగిపోవచ్చు. కడుపు నిండక, నిద్ర చాలక, మాట స్పష్టంగా రాక, అద్దంలో ఎవరో కొత్త మనిషి కనిపిస్తుంటే, ఎందుకు చేయించుకున్నానా అనిపించడం సహజమే. నా విషయంలో ఆహారం కాస్త పెరిగేసరికి ఆ దిగులు తగ్గింది. కింది పెదవి స్పర్శ నెమ్మదిగా, మధ్యలో చీమలు పాకినట్టు చురచురలాడుతూ తిరిగివచ్చింది. గడ్డం మీద ఒకచోట ఇప్పటికీ కొంత మొద్దుగా ఉంటుంది, అది అలవాటైపోయింది.

జవాబు (దవడ వైద్యుడు)

ఈ రంగంలో శస్త్రచికిత్సలు చేసే వైద్యుడిని. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది చికిత్సను మధ్యలో అనుమానించేది అక్కడే. కింది దవడ ముందుకు ఉన్నవారిలో పళ్లు ఆ తేడాను సర్దుకోవడానికి ఏళ్ల తరబడి ఒరుగుతాయి: కింది పళ్లు లోపలికి, పై పళ్లు బయటికి. క్లిప్పులు వాటిని ఎముక మీద సరిగా నిలబెట్టేసరికి, అంతవరకు దాగి ఉన్న తేడా పూర్తిగా బయటపడుతుంది. పళ్లు సరైన చోట ఉంటేనే దవడను ఎంత జరపాలో లెక్క కుదురుతుంది కనుక, ఈ చెడిపోవడం కావాలని చేసినదే.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరుగుతుంది, కోతలు దాదాపు అన్నీ నోటి లోపలే ఉంటాయి. పై దవడను పళ్ల వేళ్లకు పైన అడ్డంగా కోసి కదిలిస్తారు. ముఖపు ఎముకలు ఏ రేఖల వెంబడి విరుగుతాయో 1901లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు రెనే లె ఫోర్ పేరే ఈ కోతకు నిలిచింది. కింది దవడను రెండువైపులా వెనుక భాగంలో రెండు పలకలుగా చీల్చి, పళ్లున్న భాగాన్ని కావలసిన చోటికి జరుపుతారు. కొత్త స్థానంలో చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. ఇన్ఫెక్షన్ వంటి ఇబ్బంది కలిగితే తప్ప వాటిని తీయవలసిన అవసరం రాదు.

ప్లేట్లు రాక మునుపు ఎముక అతికేదాకా పై, కింది పళ్లను వారాల తరబడి తీగతో కట్టి ఉంచేవారు. ఇప్పుడు చాలామందికి రబ్బరు బ్యాండ్లే సరిపోతాయి. అవి దవడను కొత్త పొందికకు అలవాటు చేస్తాయి. ఒకవేళ తీగ కట్టవలసి వస్తే, అత్యవసరంలో దానిని కత్తిరించే సాధనం ఎప్పుడూ దగ్గర ఉండాలి, ఎలా వాడాలో ఇంట్లోవారు కూడా నేర్చుకోవాలి.

కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నాడి కింది దవడ ఎముక లోపలి నుంచే సాగుతుంది. చీల్చేటప్పుడు దానిని కాపాడినా, కొంత లాగుడు తప్పదు. అందుకే మొదట్లో దాదాపు అందరికీ తిమ్మిరి ఉంటుంది, ఎక్కువ మందిలో నెలల మీద తగ్గుతుంది, కొందరిలో కొంత శాశ్వతంగా మిగులుతుంది. ఇది స్పర్శకు సంబంధించిన నాడి, పెదవులను కదిలించే కండరాలది కాదు. సంతకం చేసే ముందు ఈ విషయాన్ని, దవడ కొంత మేరకు పాత స్థానంవైపు మళ్లే అవకాశాన్ని మీ డాక్టరుతో విడిగా మాట్లాడండి. పొగ తాగే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి, అది ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

జవాబు (అమ్మాయి వాళ్ల అమ్మ)

మా అమ్మాయికి చేయించినప్పుడు ఇంట్లో అసలు పని అంతా ఆహారం చుట్టూనే తిరిగింది. మొదట పూర్తిగా ద్రవాలే, తరువాత మెత్తనివి. నమిలి తినడానికి సుమారు ఆరు వారాలు ఆగమన్నారు. ఒక పూట కడుపునిండా తాగడం కుదరదు, కాబట్టి తక్కువ తక్కువగా ఎక్కువసార్లు ఇవ్వాలి, పలుచటి నీళ్లకన్నా మాంసకృత్తులు, కొవ్వు ఉన్న చిక్కని ద్రవాలను ఎంచుకోవాలి. అయినా కొంత బరువు తగ్గుతారు. పెదవికి స్పర్శ లేనప్పుడు వేడి తెలియక కాలుతుంది కనుక, ప్రతిదీ గోరువెచ్చగా చేసి ఇచ్చాను. పసిపిల్లల బ్రష్షుతో క్లిప్పులను శుభ్రం చేయడం, చెప్పిన మందు నీటితో పుక్కిలించడం ఒక్కపూట కూడా మానకూడదు. రాసి చూపించడానికి ఒక పలక దగ్గర పెట్టుకోండి, ఇద్దరికీ విసుగు తగ్గుతుంది.

ఎదురుపళ్లు

అందరికీ కృతజ్ఞతలు. రెండు సంగతులు మిగిలాయి: ముక్కు ఆకారం మారుతుందని చదివాను, నిజమేనా? కూర్చుని చేసే ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లవచ్చు?

జవాబు (దవడ వైద్యుడు)

నిజమే. పై దవడను ముందుకు జరిపితే ముక్కు కొన కొద్దిగా పైకి లేచి, ముక్కు అడుగుభాగం వెడల్పు కావచ్చు. ఆ వెడల్పును అదుపు చేయడానికి లోపల ఒక కుట్టు వేస్తారు, మీకు వేస్తారా అని అడగండి. కూర్చుని చేసే పనికి చాలామంది రెండు నుంచి నాలుగు వారాల్లో వెళతారు, రోజంతా మాట్లాడవలసిన ఉద్యోగమైతే ఇంకొంత సమయం పెట్టుకోండి. దెబ్బ తగిలే ఆటలు మాత్రం కొన్ని నెలలు వద్దు. క్లిప్పులు ఆపరేషన్‌తో తీసేయరు, చివరి సర్దుబాటుకు సాధారణంగా మరో ఆరు నెలల నుంచి ఏడాది ఉంటాయి. జ్వరం, చీము, ఆగని రక్తస్రావం ఉన్నా, పళ్ల పొందిక ఒక్కసారిగా మారినట్టు అనిపించినా, తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోను చేయండి.