పెద్ద జియో శాటిలైట్ల తయారీలో ఇప్పుడు చేరొచ్చా?

ఆర్ఎఫ్_కొత్త:

అందరికీ నమస్కారం. మైక్రోవేవ్‌లో పీజీ చేస్తున్నాను, చివరి సెమిస్టర్. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి, భూస్థిర కక్ష్యలోకి (జియో) వెళ్లే పెద్ద కమ్యూనికేషన్ శాటిలైట్లు కట్టే కంపెనీలో పేలోడ్ (సిగ్నల్ అందుకుని తిరిగి పంపే భాగం) ఇంటిగ్రేషన్, టెస్టింగ్ పని. రెండోది, కింది కక్ష్య కోసం చిన్న శాటిలైట్లను వరసపెట్టి తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ టెస్ట్. జీతాలు కాస్త అటూ ఇటూగా ఒకటే.

తోటివాళ్లంతా "జియో పని అయిపోయింది, అటు వెళ్లకు" అంటున్నారు. ఆర్డర్ల లెక్కలు చూస్తే వాళ్ల మాట నిజమే అనిపిస్తుంది. మరోపక్క 2023లోనే తొమ్మిది టన్నుల పైబడ్డ జూపిటర్ 3 శాటిలైట్ ఫాల్కన్ హెవీ రాకెట్ మీద వెళ్లింది. అయిపోయిన వ్యాపారంలో అంత పెద్దది ఎవరు కడతారు? ఇంకో భయం కూడా ఉంది. ఇకపై అన్నీ సాఫ్ట్‌వేర్‌తో మార్చుకునే శాటిలైట్లేనంటున్నారు. ఫిల్టర్లు, వేవ్‌గైడ్‌లు, యాంటెన్నాలు చదువుకున్న నాలాంటివాళ్ల అవసరం ఇంకెన్నాళ్లుంటుంది? వార్తలు చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. లోపల పనిచేసినవాళ్లెవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

టీవ్యాక్_నైట్‌షిఫ్ట్:

నేను పేలోడ్ టెస్ట్ ఇంజనీరుని. మామూలు ట్రాన్స్‌పాండర్ల (ఒక్కో చానల్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ కిందికి పంపే పరికరాల) కాలంలో చేరాను, ఇప్పుడు డిజిటల్ ప్రాసెసర్ ఉన్న పేలోడ్‌ల మీద పనిచేస్తున్నాను. మీ ప్రశ్నకి కొంచెం పొడుగు జవాబే ఇవ్వాలి.

అసలు మార్పు కొనేవాళ్ల దగ్గర మొదలైంది. 2010 దశకం మొదటి సగంలో ప్రపంచమంతా కలిపి ఏటా ఇరవైకి పైగా జియో శాటిలైట్లకు వాణిజ్య ఆర్డర్లు వచ్చేవి. ఎక్కువ భాగం టీవీ ప్రసారాల కోసమే. ఏ దేశాల మీద బీమ్ (పైనుంచి వచ్చే సిగ్నల్ ధార) పడాలో, ఎన్ని ట్రాన్స్‌పాండర్లు కావాలో ఆపరేటర్‌కి ముందే ఖాయంగా తెలుసు. ఆ బీమ్ ఆకారం రావడానికి రిఫ్లెక్టర్ ఉపరితలాన్నే ఎత్తుపల్లాలుగా మలిచేవాళ్లు. కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా లాంటిది, ఇంకొకరికి పట్టదు. కట్టడానికి రెండున్నర, మూడేళ్లు, పైన పనిచేసేది పదిహేనేళ్లు. టీవీ నిలకడగా ఉన్నంతకాలం ఆ పద్ధతికి ఢోకా లేదు. జనం ఇంటర్నెట్‌లో చూడ్డానికి అలవాటుపడ్డాక, మెగాబిట్ ధర ఏటికేడు పడిపోతుంటే, పద్దెనిమిదేళ్ల తర్వాతి గిరాకీని ఇప్పుడే ఊహించి పాతిక కోట్ల డాలర్లు పెట్టమంటే ఎవరు పెడతారు? 2017 నుంచి ఆర్డర్లు ఏటా పదికి అటూ ఇటూగా పడిపోయాయి.

గ్రాఫులో 2020 దగ్గర ఒక పెద్ద ఎగుడు కనిపిస్తుంది. దాన్ని చూసి మార్కెట్ కోలుకుందనుకోకండి. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, శాటిలైట్ టీవీ వాడే సి-బ్యాండ్ ఫ్రీక్వెన్సీల్లో కొంత భాగాన్ని 5జీ కోసం ఖాళీ చేయించింది. గడువు కంటే ముందే ఖాళీ చేస్తే ఆపరేటర్లలో ఇంటెల్‌శాట్‌కి దాదాపు 487 కోట్ల డాలర్లు, ఎస్‌ఈఎస్‌కి 397 కోట్ల డాలర్లు ముడతాయని చెప్పింది. అందుకని ఆ జూన్‌లో ఇంటెల్‌శాట్ ఆరు, ఎస్‌ఈఎస్ నాలుగు శాటిలైట్లు ఒక్కసారే ఆర్డర్ చేశాయి. మిగిలిన బ్యాండ్‌లోకి టీవీ చానళ్లను సర్దడానికి వచ్చిన పని అది. అలాంటి ఆర్డర్లు ఏటా రావు.

అటువైపు కింది కక్ష్యలో వేలల్లో ఉన్న ఇంటర్నెట్ శాటిలైట్ల సంఖ్య చూసి కూడా కంగారుపడొద్దు. స్టార్‌లింక్‌ని స్పేస్‌ఎక్స్ రెడ్‌మండ్‌లో తానే తయారుచేసుకుంటుంది. అమెజాన్ తనవి కిర్క్‌ల్యాండ్‌లో చేసుకుంటుంది. బయటి తయారీదారు ఎంత బాగా కట్టినా ఆ ఆర్డర్లు అతనికి రావు. బయటివాళ్లకు దక్కినవి వన్‌వెబ్ కోసం ఎయిర్‌బస్, టెలిశాట్ లైట్‌స్పీడ్ 198 శాటిలైట్ల కోసం ఎండీఏ లాంటి కొద్ది కాంట్రాక్టులే. కాబట్టి మీ రెండో ఆఫర్ ఇచ్చిన కంపెనీ ఎవరి కోసం తయారుచేస్తోందో ముందు తెలుసుకోండి. చేతిలో ఒక్కరే కస్టమరున్న ఫ్యాక్టరీ చాలా ప్రమాదంలో ఉంటుంది. వన్‌వెబ్ 2020 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, అప్పటికి ఫ్లోరిడాలో దాని శాటిలైట్ల తయారీ లైన్ మాంచి ఊపు మీద ఉంది.

ఇక సాఫ్ట్‌వేర్ శాటిలైట్లు. భవిష్యత్తు తెలియని ఆపరేటర్‌కి తయారీదారులు ఇచ్చిన జవాబు ఇదే: బీమ్ ఎక్కడ పడాలి, ఎంత బ్యాండ్‌విడ్త్, ఎంత పవర్ అనేవి పైకెళ్లాక కూడా మార్చుకోవచ్చు. 2021 జులైలో వెళ్లిన యూటెల్‌శాట్ క్వాంటమ్ ఆ దారిలో మొదటి పెద్ద అడుగు. ఎయిర్‌బస్ వన్‌శాట్, థేల్స్ స్పేస్ ఇన్‌స్పైర్, బోయింగ్ 702ఎక్స్ డిజైన్లు కూడా ఆ దారిలోవే. అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. హార్డ్‌వేర్ అందరికీ ఒకేలా కట్టాలి, తేడాలన్నీ ప్రోగ్రాంలో పెట్టాలి.

వినడానికి ఇంతే. టెస్ట్ దగ్గరికొచ్చేసరికి ఇది ఎలా మారిందో చెప్తాను. పాత పేలోడ్‌ని థర్మల్ వ్యాక్యూమ్ చాంబర్‌లో పెట్టామంటే, గోడల్లో ద్రవ నైట్రోజన్ తిరుగుతూ ఉంటుంది, మేం మూడు షిఫ్టుల్లో వారాల తరబడి కూర్చుంటాం. వేడి దశలో ఒకసారి, చల్లటి దశలో ఒకసారి, ఒక్కో చానల్‌కీ గెయిన్, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, గ్రూప్ డిలే, శాచురేషన్ దగ్గర ఎంత పవర్ వస్తోందో కొలుస్తాం. చాలా విసుగు పుట్టే పని, కానీ దారులు లెక్కకి అందుతాయి. ఈ ఇన్‌పుట్ ఈ ఫిల్టర్ గుండా, సిగ్నల్ పవర్ పెంచే ఈ ట్యూబ్‌కి, అక్కణ్ణించి ఈ యాంటెన్నాకి. చివరి గడి నిండాక టెస్ట్ అయిపోయిందని సంతకం పెట్టొచ్చు. డిజిటల్ పేలోడ్‌లో ఏ అప్‌లింక్ చానల్‌ని అయినా ఏ బీమ్‌కైనా పంపొచ్చు. యాంటెన్నాలో వందల ఎలిమెంట్లు, ఒక్కోదానికీ విడివిడిగా ఫేజ్, యాంప్లిట్యూడ్. కుదిరే అమరికలన్నీ కొలవాలంటే శాటిలైట్ జీవితకాలం కూడా చాలదు. అందుకే ఏవి కొలవాలి, వాటిని బట్టి మిగతావి సరిగ్గా ఉంటాయని ఏ ఆధారంతో ఒప్పుకోవాలి అన్నదే ఇప్పుడు మా అసలు పని. దీన్ని మైక్రోవేవ్ ఒంటబట్టని మనిషి చేయలేడు. మీ చదువు వృథా పోతుందన్న భయం అక్కర్లేదు.

వేడి కూడా కొత్త చోట్లకు చేరింది. ట్యూబులైతే ఉత్తర, దక్షిణ ప్యానెళ్ల మీద పరిచి, హీట్ పైపులతో సర్దేవాళ్లం. ప్రాసెసర్ వేడంతా ఒకే చోట పోగుపడుతుంది. యాక్టివ్ యాంటెన్నా వెనక బారులు తీరిన చిన్న చిన్న యాంప్లిఫయర్లు ట్యూబంత పొదుపుగా పనిచేయవు, కాబట్టి అంతకుముందు వేడి అన్నదే లేని యాంటెన్నా దగ్గర ఇప్పుడు పెద్ద థర్మల్ సమస్య కూర్చుంది.

ఇటీవలి పెద్ద దెబ్బలు ఎక్కడ తగిలాయో చూడండి. సెకనుకి ఒక టెరాబిట్‌కి పైగా ఇవ్వాల్సిన వయాశాట్-3 మొదటి శాటిలైట్ 2023లో పైకెళ్లాక దాని పెద్ద రిఫ్లెక్టర్ సరిగ్గా విచ్చుకోలేదు. అనుకున్న సామర్థ్యంలో పది శాతం కూడా మిగల్లేదు. అదే ఏడు ఇన్మార్‌శాట్-6 ఎఫ్2 పవర్ సిస్టం పాడై, సేవలు మొదలుపెట్టకముందే చేజారింది. ఎస్‌ఈఎస్ వాళ్ల ఓ3బీ ఎంపవర్ తొలి శాటిలైట్లలోనూ తకరారు పవర్ విభాగంలోనే వచ్చింది. ప్రోగ్రాం ఎంత గొప్పదైనా కీలు తిరగకపోతే, కరెంటు అందకపోతే చేసేదేమీ లేదు.

బీమా_లెక్కలు:

నైట్‌షిఫ్ట్ గారు టెక్నాలజీ గురించి రాసింది బాగుంది. డబ్బు వైపు నుంచి ఒకట్రెండు కలుపుతాను, నేను చూసేది అదే కాబట్టి.

ఒకే రకం హార్డ్‌వేర్ కడితే ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, కానీ తగ్గేది ఆ మొదటిది తయారయ్యాకే. అక్కడిదాకా చేరడానికే తయారీదారుల నడుం విరిగింది. స్థిర ధరకు ఒప్పుకుని, అభివృద్ధి ఇంకా ముగియని డిజైన్‌ని అమ్మితే జరిగేది అదే. 2024 జూన్‌లో ఎయిర్‌బస్ తన అంతరిక్ష ప్రోగ్రాముల మీద దాదాపు 90 కోట్ల యూరోల నష్టం చూపించాల్సి వచ్చింది, అందులో టెలికాం కూడా ఉంది. ఆ ఏడాదే ఉద్యోగాల కోత కూడా ప్రకటించింది. థేల్స్ అలీనియా స్పేస్‌లోనూ కోత తప్పలేదు. 2025 అక్టోబరులో ఎయిర్‌బస్, థేల్స్, లియొనార్డో తమ అంతరిక్ష విభాగాలను ఒకటి చేసే ఒప్పందానికి వచ్చాయంటే కారణం ఇదే.

కొనేవాళ్లూ తగ్గిపోతున్నారు. వయాశాట్ 2023లో ఇన్మార్‌శాట్‌ని కొంది, ఎస్‌ఈఎస్ 2025 జులైలో ఇంటెల్‌శాట్‌ని 310 కోట్ల డాలర్లకు కొనడం పూర్తిచేసింది. ఇద్దరు కలిసి ఒక్కరైతే రెండు శాటిలైట్ల అవసరం ఒకదానితో తీరిపోతుంది. పైగా 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే సర్వీసింగ్ నౌక వెళ్లి ఇంటెల్‌శాట్ 901ని పట్టుకున్నాక, ఇంధనం అయిపోయిన శాటిలైట్‌ని కూడా ఇంకొన్నేళ్లు వాడుకునే దారి తెరుచుకుంది. కొత్తది కొనడం అంతమేర వాయిదా పడుతుంది.

గిరాకీ నిలబడుతున్న చోటు నాకు కనిపిస్తున్నది ప్రభుత్వాల దగ్గర. తమ సమాచారం పరాయి దేశపు కంపెనీ చేతిలో ఉండకూడదనుకునే దేశాలు పెరుగుతున్నాయి. ఆస్ట్రానిస్, స్విస్టో12 లాంటి కంపెనీలు చిన్న జియో శాటిలైట్లు తెచ్చాయి, పెద్దదానికి డబ్బు చాలని కొనుగోలుదారులకు అవి పనికొస్తాయి. ఇంటర్వ్యూలో జీతం గురించి ఎలాగూ అడుగుతారు. చేతిలో ఉన్న ఆర్డర్లలో ఎన్ని ఒకే డిజైన్ మీద నడుస్తున్నాయి, ఎన్ని ఇంకా డిజైన్ దశలోనే ఉన్నాయని కూడా అడగండి. అది చెప్పడానికి నసిగితే కాస్త ఆలోచించుకోండి.

హాల్_థ్రస్టర్:

ఎవరూ ప్రొపల్షన్ (శాటిలైట్‌ని నెట్టే ఇంజన్ల) ఊసెత్తలేదు గనక చిన్న మాట. పాత జియోలో బయల్దేరేటప్పటి బరువులో దాదాపు సగం ఇంధనమే. 2015 మార్చిలో బోయింగ్ కట్టిన ఏబీఎస్-3ఏ, యూటెల్‌శాట్ 115 వెస్ట్ బి ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఒకే ఫాల్కన్ 9 మీద వెళ్లాయి. పూర్తిగా విద్యుత్ ప్రొపల్షన్‌తో కక్ష్య చేరిన తొలి వాణిజ్య శాటిలైట్లవి. రెండూ కలిపి నాలుగు టన్నుల చిల్లర. కాకపోతే గమ్యం చేరడానికి వారాలకు బదులు నెలలు పట్టింది, ఆ నెలల్లో ఆపరేటర్‌కి రాబడి ఉండదు. ఇంకో ఆసక్తికరమైన సంగతి, విద్యుత్ ఇంజన్లు వాడే వాయువు. మామూలుగా అది జెనాన్. గాలిలో జెనాన్ కోటి భాగాల్లో ఒక భాగం కూడా ఉండదు, అందుకే అంత ధర. వేలల్లో తయారుచేసే స్టార్‌లింక్ మొదట క్రిప్టాన్‌కి, 2023లో వచ్చిన వీ2 మినీ శాటిలైట్లతో ఆర్గాన్‌కి మారింది. ఆర్గాన్ గాలిలో దాదాపు ఒక శాతం ఉంటుంది. సామర్థ్యం కొంత తగ్గినా లెక్క కుదిరింది.

ఆర్ఎఫ్_కొత్త:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నైట్‌షిఫ్ట్ సార్, ఇంకొక్కటి. రెండో ఆఫర్‌లో లైన్ నుంచి రోజూ శాటిలైట్లు బయటికొస్తాయట, ప్రతిదాన్నీ పూర్తిగా టెస్ట్ చేయరట. మరి అక్కడ నేను నేర్చుకునేది ఏముంటుంది?

టీవ్యాక్_నైట్‌షిఫ్ట్:

చాలానే ఉంటుంది, కాకపోతే వేరే రకం. వన్‌వెబ్ లైన్‌ని రోజుకి రెండు శాటిలైట్ల చొప్పున తయారుచేసేలా కట్టారు. ఆ వేగంలో ఒక్కోదాన్నీ వారాలు చాంబర్‌లో పెట్టడం కుదరదు. మొదటి కొన్నిటిని చితక్కొట్టి మరీ పరీక్షిస్తారు. తర్వాత బోర్డు స్థాయిలో, యూనిట్ స్థాయిలో గట్టిగా చూసి, మొత్తం శాటిలైట్‌కి మాత్రం చిన్న టెస్ట్ పెడతారు. అక్కడ ఒక్క శాటిలైట్ రీడింగ్ బాగుందా లేదా అనేదానికంటే, వరసగా వచ్చిన వాటి రీడింగులు ఒకవైపుకి జరుగుతున్నాయా అనేది ముఖ్యం. యాంప్లిఫయర్ గెయిన్ స్పెక్ లోపలే ఉంది, అన్నీ పాసవుతున్నాయి, కానీ బ్యాచ్‌కి బ్యాచ్‌కి పావు డెసిబెల్ చొప్పున దిగుతోందనుకోండి. ఎక్కడో ఒక విడిభాగం మారింది. దాన్ని ఇంకో వంద శాటిలైట్లలో బిగించకముందే పట్టుకోవాలి. మా దగ్గర ఈ నేర్పు అంతగా అబ్బదు, ఎందుకంటే ఒకేలాంటివి అన్ని చేతికి రావు.

నా సలహా అడిగితే, మొదటి ఆఫర్‌లో మిమ్మల్ని వేసేది కొత్త డిజిటల్ పేలోడ్ మీదనైతే అదే తీసుకోండి. యూనిట్ టేబుల్ మీదికి వచ్చిన రోజు నుంచి చాంబర్ దాకా ఒకే పేలోడ్ వెంట నడిచే అవకాశం అక్కడే ఉంది. రెండు మూడేళ్లు అలా చేసినవాళ్లని ప్రొడక్షన్ లైన్లు సంతోషంగా తీసుకుంటాయి. లైన్‌లో ఒకే స్టేషన్ దగ్గర ఉన్నవాళ్లు ఇటు రావడం కష్టంగా ఉంటోంది. పాత డిజైన్‌లో చివరి శాటిలైట్ పూర్తిచేయడానికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిస్తే మాత్రం రెండోదే నయం, అది వెళ్లిపోయాక ఆ జట్టుని ఎక్కడికి పంపుతారో ఎవరూ చెప్పలేరు.

ఒకటి తప్పకుండా అడగండి. లాంచ్ తర్వాత జరిగే ఇన్-ఆర్బిట్ టెస్ట్‌కి కొత్తవాళ్లని తీసుకెళ్తారా అని. చాంబర్‌లో మీరు కొలిచిన గెయిన్ కర్వ్‌నీ, పైనుంచి వస్తున్నదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడొచ్చిందో వెతికే పని అది. కేబుల్ నష్టమా, యాంటెన్నా గురి తప్పిందా, గ్రౌండ్ స్టేషన్ క్యాలిబ్రేషనా అని ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోవాలి. తీసుకెళ్తామంటే ఆ ఆఫర్ వదులుకోకండి.