సర్క్యూట్స్ క్లాసులో ఒక్కొక్కరిది ఒక్కో స్థాయి: గ్రూపులు ఎలా చేయాలి?

ట్యుటోరియల్_గంట: ఫస్టియర్ సర్క్యూట్స్, సెక్షన్‌లో 60 మంది. కొందరికి నోడల్ అనాలిసిస్ (సర్క్యూట్‌లో తీగలు కలిసే చోట్ల వోల్టేజ్ లెక్కగట్టే పద్ధతి) కొట్టిన పిండి, కొందరు ఓమ్ సూత్రం దగ్గరే తడబడుతున్నారు. విజువల్, ఆడిటరీ అంటూ లెర్నింగ్ స్టైల్స్ సర్వే పెట్టి గ్రూపులు చేస్తే లాభం ఉంటుందా? ట్యుటోరియల్ వారానికి ఒక్క గంటే.

నోడ్_వోల్టేజ్: ఆ సర్వే జోలికి పోకండి. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త పాష్లర్ బృందం అధ్యయనాలన్నీ తిరగేసి, స్టైల్‌ని బట్టి చెబితే బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. గ్రూపు చేయాల్సింది తప్పుని బట్టి.

ఈ ఒక్క ప్రశ్న ఇవ్వండి: 12 వోల్టుల సోర్స్‌కి 2, 4 కిలోఓమ్‌ల రెసిస్టర్లు సిరీస్‌లో ఉన్నాయి. ఆ 4కి పారలల్‌గా ఇంకో 4 కిలోఓమ్‌ల లోడ్ (కరెంటు వాడుకునే భాగం). లోడ్ మీద వోల్టేజ్ ఎంత?

జవాబు 6. ఎవరైనా 8 అంటే లోడ్‌ని పట్టించుకోలేదన్నమాట. 9.6 వస్తే పారలల్‌ని సిరీస్‌లా కూడేశారు. 4 అంటే లోడ్‌నీ వదిలేశారు, వోల్టేజ్ పంచుకునే నిష్పత్తినీ తిరగేశారు. అందరికీ సున్నా వేసి ఊరుకుంటే ఈ తేడా కనపడదు. గ్రూపులు ఆ వారానికే. ఏడాదంతా ఉంచితే 'వీక్ బ్యాచ్' అన్న ముద్ర పడిపోతుంది.

ట్యుటోరియల్_గంట: మరి బాగా వచ్చినవాళ్లు ఖాళీగా కూర్చోవాలా?

చాక్‌పీస్: వాళ్లకి లెక్క చేసి చూపించకండి. కొత్తవాళ్లకి సాయపడే సాల్వ్‌డ్ ఎగ్జాంపులే తెలిసినవాళ్లకి అడ్డు. నేరుగా డిజైన్ ఇవ్వండి: "లోడ్ 4 నుంచి 40 కిలోఓమ్‌ల దాకా మారినా వోల్టేజ్ 5 శాతం మించి కదలకూడదు."

తడబడేవాళ్లకి మొదటి లెక్క పూర్తిగా చేసి ఇవ్వండి. రెండోదాంట్లో చివరి స్టెప్పు ఖాళీ, మూడోదాంట్లో చివరి రెండూ ఖాళీ. వెనక నుంచి తీస్తూ రావాలి. ముందు స్టెప్పే తీసేస్తే మొదలుపెట్టడం తెలియక ఆగిపోతారు.

మూడిల్‌లో (ఆన్‌లైన్ క్విజ్‌లు పెట్టే సాఫ్ట్‌వేర్) ఒక్కొక్కరికి వేరే విలువలు ఇచ్చేట్టయితే ఒక జాగ్రత్త. లోడ్ లేని డివైడర్‌లో (సిరీస్‌లోని రెసిస్టర్లు వోల్టేజ్‌ని పంచుకునే సర్క్యూట్) రెండు రెసిస్టర్లూ సమానంగా పడితే, నిష్పత్తి తిరగేసినా జవాబు సరిపోతుంది, తప్పు దొరకదు. సమాన విలువలు రాకుండా కట్టడి చేయండి.

బ్రెడ్‌బోర్డు: ల్యాబ్‌లో ఇంకొకటి. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు విడిగా కనపడని విద్యార్థికి రెసిస్టర్ మీది కలర్ కోడ్ (విలువ చెప్పే రంగు గీతలు) గోడలాంటిది. 220 ఓమ్‌లకి ఎరుపు-ఎరుపు-గోధుమ. ఆ గోధుమని ఎరుపుగా చదివితే 2.2 కిలోఓమ్‌లు, పదిరెట్లు. విలువ రాసిన కవర్లలో రెసిస్టర్లు ఇచ్చి, మల్టీమీటర్‌తో కొలవనివ్వండి. కొలిచేది బోర్డు మీంచి తీశాకే. సర్క్యూట్‌లో ఉండగా కొలిస్తే పారలల్ దారులు కలిసి తక్కువ చూపిస్తుంది.