ఇద్దరు ఎన్‌బీఏ కుర్రాళ్లుండీ 15–17: రట్గర్స్‌లో తప్పు కోచ్‌దా, ఖజానాదా?

ఎడిసన్ బావ

2025 జూన్ 25న ఎన్‌బీఏ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే రోజు) చూశారా? రెండో నంబర్‌కి డైలన్ హార్పర్‌ని శాన్ ఆంటోనియో తీసుకుంది, అయిదో నంబర్‌కి ఏస్ బెయిలీని యూటా తీసుకుంది. ఇద్దరూ మన న్యూజెర్సీ పిస్కాటవేలో రట్గర్స్ యూనివర్సిటీ జట్టుకి ఆడినవాళ్లే, మా ఇంటి నుంచి పావుగంట. ఒకడు మ్యాచ్‌కి సగటున 19 పాయింట్లు, ఇంకొకడు 17. ఇలాంటి ఇద్దరిని చేతిలో పెట్టుకుని కోచ్ స్టీవ్ పైకియెల్ గారు 15 గెలిచి 17 ఓడి, మార్చిలో జరిగే దేశస్థాయి కాలేజీ టోర్నీ గడప కూడా తొక్కకుండా సీజన్ ముగించారు. నవంబర్‌లో కెన్నసా స్టేట్ చేతిలో 79–77. డిసెంబర్‌లో నెవార్క్‌లో ప్రిన్స్‌టన్ చేతిలో 83–82. ప్రిన్స్‌టన్ అంటే ఐవీ లీగ్ అండీ, ఆటకి స్కాలర్‌షిప్పే ఇవ్వరు అక్కడ!

"రట్గర్స్‌కి డబ్బు లేదు, కోచ్ ఏం చేస్తాడు పాపం" అనే పాట విని విని చెవులు తూట్లు పడ్డాయి. డబ్బే ఆడితే సెయింట్ పీటర్స్ సంగతేంటి? 2022లో జెర్సీ సిటీలోని ఆ చిన్న కాలేజీ 15వ సీడ్‌గా (సీడ్ అంటే టోర్నీలో జట్ల బలం వరస, 1 గట్టిది, 16 ఆఖరిది) వెళ్లి కెంటకీని 85–79తో కొట్టింది, ఆపైన ముర్రే స్టేట్‌ని, పర్డ్యూని కూడా ఇంటికి పంపింది. అప్పటి కెంటకీ కోచ్ కాలిపారి ఒక్కడి జీతమే ఏడాదికి 8 మిలియన్ డాలర్ల పైన, అది సెయింట్ పీటర్స్ జట్టు మొత్తం ఖర్చుకి కొన్ని రెట్లు. మరుసటి ఏడాది టీనెక్‌లోని ఫెయిర్‌లీ డికిన్సన్ 16వ సీడ్‌గా పర్డ్యూని 63–58తో ఓడించింది. అదే వారం ప్రిన్స్‌టన్ అరిజోనాని ఓడించింది. మూడూ న్యూజెర్సీవే. మన రాష్ట్రంలో డబ్బు లేనివాళ్లే గెలుస్తున్నారు, ఉన్నవాళ్లు సాకులు చెబుతున్నారు. కోచ్‌ని మార్చాలి, నా మాట అంతే. తిట్టేవాళ్లు తిట్టండి.

పిస్కాటవే పిల్లోడు

బావా, తిట్టను గానీ ఒక్క ప్రశ్న. పైకియెల్ రాకముందు ఏడాది, అంటే 2015–16లో, మనం ఎంత ఆడామో గుర్తుందా? 7–25. బిగ్ టెన్‌లో (మనం ఆడే పెద్ద కాలేజీల లీగ్, దీన్నే కాన్ఫరెన్స్ అంటారు) ఒక్కటంటే ఒక్కటే గెలుపు, 17 ఓటములు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నా, టికెట్లు ఊరికే పంచినా వెళ్లేవాళ్లు లేరు. అక్కడి నుంచి 2020కి 20 విజయాలు తెచ్చాడు, కోవిడ్ వచ్చి టోర్నీయే ఎత్తేశారు. 2021లో వెళ్లాం, 1991 తర్వాత అదే మొదటిసారి. క్లెమ్సన్‌ని కొట్టాం. హ్యూస్టన్‌తో ఆఖరి నిమిషాల దాకా ముందుండి 63–60తో ఓడాం, ఆ హ్యూస్టనే ఫైనల్ ఫోర్‌కి, అంటే ఆఖరి నాలుగు జట్లలోకి వెళ్లింది.

ఆ జట్టుకి ప్రాణం డిఫెన్స్. జియో బేకర్, రాన్ హార్పర్ జూనియర్ లాంటివాళ్లు నాలుగైదేళ్లు అదే చోట పడి ఉండి ఆయన పద్ధతి ఒంటబట్టించుకున్నారు. 2024–25లో ఉన్నది 18 ఏళ్ల పిల్లలు, చుట్టూ పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) ఏరుకొచ్చిన కొత్తవాళ్లు. జనవరిలో హార్పర్‌కి జ్వరం, చీలమండ గాయం. మిగతావాళ్లు ఒకరితో ఒకరు ఆడటం నేర్చుకునేలోపు సీజన్ అయిపోయింది. కోచ్ తప్పు లేదనను, డిఫెన్స్ ఘోరంగా ఉంది, చూడలేకపోయాను. కానీ ఒక్క సీజన్‌కే పంపించేయాలంటే వర్జీనియా వాళ్లు 2018లోనే వాళ్ల కోచ్ టోనీ బెనెట్‌ని పంపించేయాలి, ఆయన ఒకటో సీడ్‌గా ఉండి యూఎంబీసీ అనే చిన్న కాలేజీ చేతిలో 74–54తో చిత్తయ్యాడు. ఉంచారు. మరుసటి ఏడాదే టైటిల్ కొట్టాడు.

లెక్కల మాస్టారు

ఇద్దరూ ఆట గురించే మాట్లాడుతున్నారు. నేను ఆడిటింగ్‌లో ఉంటాను కాబట్టి నాకు కనిపించేది పుస్తకాలు.

రట్గర్స్ 2014లో బిగ్ టెన్‌లో చేరింది. చేరగానే టీవీ డబ్బు వరదలా వస్తుందని అందరూ అనుకున్నారు. మొదటి ఆరేళ్లూ కొత్త సభ్యుడికి పూర్తి వాటా ఇవ్వలేదు. ఖర్చు మాత్రం మొదటి రోజు నుంచే బిగ్ టెన్ స్థాయి ఖర్చు, ప్రయాణాలు, సిబ్బంది, ప్రాక్టీస్ భవనం, ఫుట్‌బాల్ కోచ్ గ్రెగ్ షియానోకి 8 ఏళ్లకి 32 మిలియన్ల కాంట్రాక్టు. 2021 ఆర్థిక సంవత్సరంలో కోవిడ్ కూడా తోడై లోటు 70 మిలియన్లు దాటింది. ఆ గుంత పూడ్చింది ఎవరు? యూనివర్సిటీ నిధులు, విద్యార్థుల ఫీజులు, అప్పులు. అంతకుముందు 2006లో ఇదే రట్గర్స్ డబ్బు చాలదంటూ ఆరు జట్లని మూసేసింది, ఫెన్సింగ్, పురుషుల ఈత, టెన్నిస్, పడవ పందేలు. ఫుట్‌బాల్ ఖర్చు మాత్రం పెరుగుతూనే పోయింది.

ఇక ఎడిసన్ బావ గారి సెయింట్ పీటర్స్ లెక్క. మార్చి టోర్నీలో ఫైనల్ తప్ప ఆడిన ప్రతి మ్యాచ్‌కీ ఒక వాటా ఉంటుంది, ఒక్కోటి ఆరేళ్లలో దాదాపు 2 మిలియన్లు. ఆ డబ్బు వెళ్లేది కాన్ఫరెన్స్‌కి, దాన్ని సభ్య కాలేజీలన్నీ పంచుకుంటాయి. నాలుగు మ్యాచ్‌లు ఆడి కాన్ఫరెన్స్ మొత్తానికి సంపాదించిపెట్టిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ వేసవిలోనే వెళ్లిపోయారు. కోచ్ కూడా వెళ్లాడు. చిన్న కాలేజీ గెలిస్తే దానికి మిగిలేది ఒక జ్ఞాపకం, ఓ ఫొటో, ఖాళీ బెంచీ. మీరు దాన్ని "డబ్బు లేకున్నా గెలవొచ్చు" అంటున్నారు, నేను "గెలిచినా నిలబెట్టుకోలేరు" అంటున్నాను.

సీటన్ సుబ్బు

మాస్టారి మాటకి సాక్ష్యం మా కాలేజే. సెయింట్ పీటర్స్‌ని నడిపించిన షహీన్ హాలోవే 2022లో మా సీటన్ హాల్‌కి వచ్చాడు, ఆయన ఇక్కడే చదివి ఇక్కడే ఆడినవాడు. 2024లో ఎన్ఐటీ (మార్చి టోర్నీలో చోటు దక్కని జట్ల టోర్నీ) కప్పు తెచ్చాడు. ఆ తర్వాత మా ఆటగాడు కెడరీ రిచ్‌మండ్ నది దాటి న్యూయార్క్‌లో సెయింట్ జాన్స్‌కి పోయాడు, అక్కడ మైక్ రెపోలీ అనే కోటీశ్వరుడు పర్సు విప్పి కూర్చున్నాడు, పిటీనో కోచ్. ఇంకొందరూ సర్దుకున్నారు. మరుసటి ఏడాది మాది 7–25. సెయింట్ జాన్స్ 31–5.

ఇప్పుడు చెప్పండి, 2022లో మేధావి, 2025లో మొద్దు అయ్యాడా మనిషి? మెదడు అదే, విజిల్ అదే.

ఎడిసన్ బావ

@సీటన్ సుబ్బు, ఒప్పుకుంటాను, మీ దగ్గర ఆటగాళ్లు పోయారు. రట్గర్స్‌లో పోలేదు కదా నాయనా! డ్రాఫ్ట్‌లో మొదటి అయిదుగురిలో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. డబ్బు లేక మంచి ఆటగాళ్లు రాలేదంటే వింటాను, వచ్చాక కూడా ఓడితే ఏమనాలి? పప్పు ఉప్పు అన్నీ ఇచ్చాక కూడా వంట మాడితే పొయ్యిది తప్పంటామా?

కెంటకీ కోడలు

నేను లూయివిల్‌లో 11 ఏళ్లుగా ఉంటున్నాను, ఇక్కడ బాస్కెట్‌బాల్ అంటే మన సంక్రాంతి కోడిపందాలంత పిచ్చి, కుటుంబాలు చీలిపోతాయి. మా అత్తవారింట్లో సగం కెంటకీ, సగం లూయివిల్. అందుకే రెండు కథలూ చెబుతాను.

కెంటకీ కాలిపారికి 2019లో పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది, జీవితాంతం ఒప్పందం అని పేరు. ఆ తర్వాత సెయింట్ పీటర్స్ చేతిలో ఓటమి. 2024 మార్చిలో ఓక్లండ్ చేతిలో 80–76. మిషిగన్‌లో ఉండే కాలేజీ అది, 14వ సీడ్. జాక్ గోల్కీ అనే కుర్రాడు పది త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేశాడు. ఆరోది పడేటప్పటికి మా మామగారు లేచి వరండాలోకి వెళ్లిపోయారు, లోపలి నుంచి ఎవరో "ఇంకోటి" అని అరిచినప్పుడల్లా ఆయన చెయ్యి నుదుటి మీదకి పోయేది. మర్నాడు ఊరంతా తీసేయమని ఒకటే గోల. తీసేస్తే కట్టాల్సింది 33 మిలియన్లు! అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ ఆటల విభాగం పెద్ద) ఆయన్నే కొనసాగిస్తామన్నాడు, ఇంకేమంటాడు. చివరికి కాలిపారి తనంతట తానే ఆర్కన్సాకి వెళ్లాడు కాబట్టి సరిపోయింది.

లూయివిల్ కథ ఇంకా బాగుంటుంది. 2022 జనవరిలో కోచ్ క్రిస్ మ్యాక్‌ని సాగనంపడానికి 4.8 మిలియన్లు. ఆ స్థానంలో మా ఊరి పాత ఆటగాడు కెన్నీ పేన్ వచ్చాడు, 1986లో టైటిల్ గెలిచిన జట్టువాడు, అందరూ పూలదండలు వేశారు. మొదటి ఏడాది 4–28. రెండో ఏడాది 8–24. పంపించడానికి 8 మిలియన్లు. ఆ తర్వాత పాట్ కెల్సీ వచ్చి, జట్టు మొత్తం కొత్తగా కట్టుకుని, మొదటి ఏడాదే 27–8.

బావగారూ, కోచ్‌ని మారిస్తే బాగుపడుతుందన్న మీ వాదనకి ఇది సాక్ష్యమే. మరి పేన్‌ని ఏరి తెచ్చి, ఓడినా 8 మిలియన్లు ఇస్తామని సంతకం పెట్టింది కూడా ఒకరున్నారు కదా, వాళ్ల గెలుపోటములు ఎవరైనా లెక్కేస్తున్నారా?

వరంగల్ డంక్

ఇండియా నుంచి ఒక అమాయకపు ప్రశ్న. ఓడినందుకు 8 మిలియన్లా?? రూపాయల్లో వేసుకుంటే కళ్లు తిరిగాయి. మా కాలేజీలో పీడీ సారే కోచ్, ఆయనే వాలీబాల్‌కీ కబడ్డీకీ కూడా కోచ్, ఇంటర్ యూనివర్సిటీకి వెళ్తే టీఏ డీఏ బిల్లు పాస్ అవ్వడానికి సెమిస్టర్ పడుతుంది. ఒకే బంతి, అది కూడా గ్రిప్ అరిగిపోయి సబ్బులా జారుతుంది. మా సార్‌ని తీసేస్తే ఎవరూ ఏమీ ఇవ్వరు, అసలు తీసేయడానికి ఆయనకి ఆ పోస్టే లేదు, గెస్ట్ ఫ్యాకల్టీ.

డల్లాస్ అమ్మ

@వరంగల్ డంక్, బాబూ, అక్కడ సబ్బు బంతి, ఇక్కడ సబ్బుతో తోమినట్టు మా జేబులు. మా అమ్మాయి చదివే యూనివర్సిటీ పేరు వద్దులే, సెమిస్టర్ బిల్లులో ట్యూషన్ కింద అథ్లెటిక్స్ ఫీజు అని ఓ లైను. అమ్మాయి ఆ స్టేడియం లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు, మ్యాచ్ ఉన్న రోజు పార్కింగ్ దొరకదని లైబ్రరీకి కూడా వెళ్లదు. ఫోన్ చేసి అడిగితే "అది తప్పనిసరి అండీ" అన్నారు. మా ఆయనకి చెబితే టీవీలోంచి తల తిప్పకుండా "స్కోర్ చూడు" అన్నారు.

బయౌట్ (కాంట్రాక్టు ముగియకముందే పంపిస్తే కోచ్‌కి కట్టే డబ్బు) దాతలు ఇస్తారు, ఫీజుల్లోంచి కాదు అని చెప్పడానికి ఎవరో ఒకరు వస్తారు చూడండి.

పిస్కాటవే పిల్లోడు

ఆ ఎవరో ఒకరిని నేనే ఆంటీ 😅 ఇండియానా వాళ్లు 2021లో కోచ్ ఆర్చీ మిల్లర్‌ని పంపడానికి 10 మిలియన్లకి పైగా కట్టారు, అది ప్రైవేటు దాతల డబ్బే.

లెక్కల మాస్టారు

నిజమే, దాతలే ఇచ్చారు. కానీ దాత జేబు ఒక్కటే కదా బాబూ. వెళ్లిపోయేవాడికి ఇచ్చిన 10 మిలియన్లు కొత్త ల్యాబ్‌కో ఈత కొలనుకో పోవు. పైగా అన్నిసార్లూ దాత దొరకడు. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) 2018లో కోచ్ కెవిన్ ఆలీని తప్పులు చూపించి తీసేసి, బయౌట్ కట్టక్కర్లేదంది. 2014లో వాళ్లకి టైటిల్ తెచ్చినవాడు ఆయన. ఆయన మధ్యవర్తి దగ్గరికి వెళ్లాడు, 2022లో 11 మిలియన్లకి పైగా కట్టాలని తీర్పు వచ్చింది. వాళ్ల అథ్లెటిక్స్ కూడా యూనివర్సిటీ సాయంతోనే నడిచేది. అయితే ఆ తర్వాత కొత్త కోచ్ డాన్ హర్లీ వరసగా రెండు టైటిళ్లు తెచ్చాడు కాబట్టి అక్కడ ఎవరూ ఆ బిల్లు గురించి మాట్లాడరు. కప్పు వస్తే లోటు కనపడదు, అదే నాకు మండేది.

2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్లకి డబ్బివ్వడం మీద నడిచిన కేసు) ఒప్పందానికి ఆమోదం వేశారు కదా, ఇక నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది హద్దు 20.5 మిలియన్లు. ఫుట్‌బాల్ ఉన్న చోట అందులో ముప్పావు వంతు అటే పోతుందని చాలామంది లెక్క, బాస్కెట్‌బాల్‌కి 3 మిలియన్ల చుట్టూ మిగులుతుంది. సెయింట్ జాన్స్ లాంటి వాళ్లకి పెద్ద ఫుట్‌బాల్ బరువే లేదు, మొత్తం ఇటే పెట్టుకోవచ్చు. అసలే లోటులో ఉన్న రట్గర్స్ ఆ 20.5 ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ పైన కోచ్‌ని మార్చి బయౌట్ కూడా కట్టమంటారు బావగారు.

ఎడిసన్ బావ

మాస్టారూ, మీ లెక్క తప్పు పట్టను. కానీ మీ లెక్క ప్రకారం లోటు ఉన్నంతకాలం ఏ కోచ్‌నీ ఏమీ అనకూడదు, ఆ లోటు నా జీవితకాలంలో తీరేది కాదు. బెనెట్ పేరెత్తారు కాబట్టి చెబుతున్నా, 2019లో టైటిల్ గెలిచాక ఆయన జీతం పెంచుతామంటే వద్దన్నాడు, ఆ డబ్బు సిబ్బందికీ మిగతా ఆటలకీ వాడమన్నాడు, పైగా తనే 5 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. అలాంటివాడు ఓడితే నేనూ నోరు మూసుకుంటాను. కోడలు గారి మాట మాత్రం పట్టింది. కోచ్‌తో పాటు కాంట్రాక్టు రాసినవాళ్ల పేర్లు కూడా పక్కన రాసుకోవాలి. మన దగ్గర అథ్లెటిక్ డైరెక్టర్ పాట్ హాబ్స్ 2024 ఆగస్టులోనే రాజీనామా చేసి వెళ్లిపోయాడనుకోండి.

పైకియెల్‌కి ఇంకో ఏడాది. అంతకంటే ఇవ్వను. నేనిచ్చేదేముంది అంటారా, అదీ నిజమే.

పిస్కాటవే పిల్లోడు

బావా, ఒక్కటి చెప్పు. 2021 డిసెంబర్ 9న నువ్వెక్కడున్నావ్? పర్డ్యూ చరిత్రలో మొదటిసారి ఒకటో ర్యాంకు పట్టుకుని వచ్చిన రోజు. రాన్ హార్పర్ జూనియర్, అంటే మన డైలన్ వాళ్ల అన్న, ఆఖరి సెకనులో సగం కోర్టు దగ్గర్నుంచి విసిరాడు. 70–68.

ఎడిసన్ బావ

లోపలే ఉన్నా. 8,000 మంది పట్టే డబ్బా అది, బంతి గాల్లో ఉన్నప్పుడు చీమ చిటుక్కుమంటే వినపడేది. పడ్డాక పక్కనున్న గడ్డం తెల్లాయన ఎవరో నన్ను కావలించుకుని ఏడ్చాడు, ఆయన పేరు కూడా తెలీదు. మర్నాడు ఆఫీసు కాల్‌లో గొంతు రాలేదు.

నాకు కోపం ఎందుకనుకుంటున్నావ్ మరి?