పింక్ ఫ్లాయిడ్ ‘పల్స్’ డీవీడీ: పెద్ద టీవీలో అడ్డగీతలు, 5.1 రావట్లేదు

వైజాగ్_వినైల్:
2006లో వచ్చిన రెండు డిస్కుల పల్స్ (పింక్ ఫ్లాయిడ్ రాక్ బ్యాండ్ కచేరీ; పాల్ కాపీ, అంటే ఇండియా, యూరప్ టీవీ పద్ధతిది) 55 అంగుళాల 4కే టీవీలో పెడితే మనుషులు అడ్డంగా సాగిపోతున్నారు. గిటార్ మీద చెయ్యి కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు. మెనూలో 5.1 (ఆరు చానళ్ళ సరౌండ్ సౌండ్) ఎంచినా రిసీవర్ (స్పీకర్లు నడిపే యాంప్లిఫయర్) మీద స్టీరియో అనే పడుతోంది. ప్లేయర్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ ఆడియో వైరు ఉన్నాయి. హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిస్తే చిన్న ఎక్స్‌ట్రాలు రావట్లేదు. 2022 బ్లూరే కొంటే ఇవన్నీ తీరతాయా?

ఫీల్డ్_ఆర్డర్:
టీవీ బాగానే ఉందండీ. ఈ షోని 1994 అక్టోబర్ 20న లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో దర్శకుడు డేవిడ్ మాలెట్ వీడియో టేపు మీద తీశారు, ఫిల్మ్ మీద కాదు. బొమ్మ 4:3. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు ఆ తర్వాతి క్షణానివి. ఈ ఒక్కో సగాన్నీ ఫీల్డు అంటారు. పిక్చర్ ట్యూబు టీవీ వాటిని వంతులవారీగా గీసేది కాబట్టి తెలిసేది కాదు. ఇప్పటి ప్యానెల్ రెంటినీ కలిపి చూపిస్తుంది. ఆ కలపడం సరిగ్గా చెయ్యని ప్లేయరైతే కదిలే చెయ్యి రెండుగా చీలుతుంది.

ప్లేయర్‌లో టీవీ షేపు 16:9, టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 పెట్టండి. ప్లేయర్ 1080పికి పెంచి పంపుతుంటే కొన్ని టీవీలు 4:3 ఎంచుకోనివ్వవు. అప్పుడు ప్లేయర్ అవుట్‌పుట్ 576ఐకి (డిస్కులో ఉన్న అసలు రూపానికి) దించండి, గీతలు కలిపే పని టీవీకే వదిలెయ్యండి, చాలావరకు అదే బాగా చేస్తుంది. లాప్‌టాప్‌లో అయితే వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ (ఆ గీతలు కలిపే పని) ఆన్ చేసి మోడ్ ‘యాడిఫ్ 2ఎక్స్’ ఎంచండి. ఉత్త యాడిఫ్ వద్దు: పాల్ డిస్కులో సెకనుకు 50 ఫీల్డులుంటే అది 25 ఫ్రేములే ఇస్తుంది, లేజర్లు తిరిగేటప్పుడు బొమ్మ కుదుపుతుంది.

నిజాం_నాయిస్:
సౌండ్ పోతున్నది టీవీ దగ్గరే. హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1ని చాలా టీవీలు ఆప్టికల్‌లోకి రెండు చానళ్ళుగా కుదించి పంపుతాయి. టీవీ డిజిటల్ ఆడియో ‘పీసీఎం’లో ఉంటే ‘ఆటో’ లేదా ‘పాస్‌త్రూ’, ప్లేయర్‌లో ‘బిట్‌స్ట్రీమ్’ పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే టీవీని తప్పించి ప్లేయర్ నుంచే రిసీవర్‌కి వైరు లాగండి.

ఇంకోటి. ఈ డిస్కులో 5.1 రెండు రకాలుగా ఉంది: 448, 640 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). డీవీడీ ప్రమాణంలో డాల్బీకి (ఈ 5.1 సౌండ్ ఫార్మాట్‌కి) గరిష్ఠం 448. 640 అంతకు మించింది కాబట్టి కొన్ని పాత ప్లేయర్లు దాన్ని పలకవు, లేదా తెగిపోతూ పలుకుతాయి. ముందు 448తో అంతా సరిచూసుకుని తర్వాత 640కి వెళ్ళండి. రిసీవర్‌లో నైట్ మోడ్ ఆపెయ్యండి, లేకపోతే డ్రమ్స్ చప్పగా వినపడతాయి.

ఫీల్డ్_ఆర్డర్:
ఎక్స్‌ట్రాల సంగతి: మేక్‌ఎంకేవీ (డిస్కుని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) మామూలుగా 120 సెకన్ల లోపు టైటిళ్ళను (వీడియో ముక్కలను) వదిలేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో మినిమమ్ టైటిల్ లెంగ్త్ 10కి దించి డిస్కు మళ్ళీ చదివించండి. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఫైలు కుదించేటప్పుడు డీఇంటర్‌లేస్ ప్రీసెట్ ‘బాబ్’, ఫ్రేమ్‌రేటు 50, కాన్‌స్టాంట్. బొమ్మ సైజు పెంచొద్దు.

ఎక్స్‌ట్రాల్లో ‘బూట్‌లెగింగ్ ద బూట్‌లెగర్స్’ జనం చాటుగా తీసిన వీడియోలతో కూర్చింది. దాని మసక ఏ ఫిల్టర్‌తోనూ పోదు, అలాగే చూడాలి. 1996 రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సభలో స్మాషింగ్ పంప్‌కిన్స్ గాయకుడు బిల్లీ కోర్గన్‌తో కలిసి వాయించిన ‘విష్ యూ వర్ హియర్’ మాత్రం తప్పకుండా దాచుకోండి. అందులో జంట నీడలు కనిపిస్తే అది 60 ఫీల్డుల అమెరికా వీడియోని 50కి మార్చినప్పుడు పడే మచ్చ, డీఇంటర్‌లేస్‌తో పోదు.

బ్లూరే మీద 4కే ఆశలు పెట్టుకోవద్దు. 1988లో న్యూయార్క్ దగ్గరి నాసో కొలీజియం హాల్లో తీసిన వీళ్ళ ముందు కచేరీ ‘డెలికేట్ సౌండ్ ఆఫ్ థండర్’ 35 ఎంఎం ఫిల్మ్ కాబట్టి తిరిగి స్కాన్ చేస్తే కొత్త వివరం బయటపడింది. పల్స్ టేపులో ఉన్నదే అంత. పొగలో, చీకట్లో ఎంపెగ్-2 (డీవీడీ వీడియో కుదింపు) వల్ల పడే గడులు తగ్గుతాయి, ఆ మేరకు లాభమే. కానీ 2019 ‘లేటర్ ఇయర్స్’ బాక్స్‌లోనూ 2022లో విడిగానూ వచ్చింది మళ్ళీ ఎడిట్ చేసిన రూపం. మాలెట్ కూర్చిన వరసలో షాట్లు కావాలంటే డీవీడీ అమ్మెయ్యకండి.

వైజాగ్_వినైల్:
ప్లేయర్‌కి ఆప్టికల్ లేదు, కోయాక్సియల్ (ఒకే పిన్ను డిజిటల్ ఆడియో సాకెట్) ఒక్కటే ఉంది. సరిపోతుందా?

నిజాం_నాయిస్:
నిక్షేపంగా. 640 కూడా అందులోంచే వెళ్తుంది. 75 ఓమ్‌ల కేబుల్ కావాలి. పాత వీడియో సెట్‌లోని పసుపు ఆర్‌సీఏ వైరు అదే. ఎరుపు, తెలుపు వైర్లకి ఆ గ్యారంటీ లేదు, పొడవైతే సౌండ్ తెగొచ్చు. రిసీవర్ మెనూలో డీవీడీ ఇన్‌పుట్‌ని ఆ కోయాక్సియల్ సాకెట్‌కి అసైన్ చెయ్యండి, లేకపోతే వైరు పెట్టినా ఏమీ పలకదు.